కళ్ళు మూసుకున్న సాక్షులు

పాస్టరుగారు "ఆమెన్" అన్నాక అందరూ కళ్ళు తెరిచి చూసేసరికి వంటగదికి తలుపు లేదు.

తలుపంటే జేబులో వేసుకుపోయే వస్తువు కాదు. మనిషి కన్నా ఎత్తు, ఒక్కడు మోయాలంటే నడుము విరగాల్సిందే. ప్రార్థనకి ముందు అక్కడే ఉంది. ఆ పొద్దునే మేస్త్రి దానికి కొత్త బందులు బిగించి, నాలుగుసార్లు తెరిచి మూసి, "ఇక కిర్రుమంటే నా పేరు మార్చుకుంటాను వదినా" అని మీసం మెలేశాడు. ఇప్పుడు ఆ చోట తలుపంత వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. ఆ వెలుతురులోంచి ఒక కోడి లోపలికి వచ్చింది. అందరి మొహాలూ ఒకసారి చూసి, ఇక్కడ తనకు పనేమీ లేదన్నట్టు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"స్తోత్రం," అన్నాడు పళ్ళ డాక్టరు, ఇంకేమనాలో తోచక.

వార్డెనమ్మ మాత్రం లేచి ఖాళీ గుమ్మాన్ని పైనుంచి కిందిదాకా పరికించింది. ఆడపిల్లల హాస్టల్లో నల్లజుట్టు తెల్లబడేదాకా పనిచేసిన మనిషి ఆమె. దిండు గలీబులో దాచిన ఫోన్లూ, ట్యాంకు వెనక దాచిన బిస్కట్ డబ్బాలూ, గోడ దూకిన పిల్లల చెప్పులూ, ఏదైనా సరే పూట తిరక్కుండా పట్టేస్తుందని పేరు. కానీ ఆమె సర్వీసు మొత్తంలో తలుపుకు తలుపే పోవడం ఎన్నడూ లేదు. పైగా ఇది హాస్టలు తలుపు కాదు. మా ఇంటి తలుపు, అనుకుంది.

మా ఇల్లు అన్న ఆ రెండు మాటలు అనుకోవడానికే ఆమె సముద్రం దాటి వచ్చింది.

ఆమె నాన్న ఈ ఊరి మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉండేవాడు. ఆమె పుట్టింది ఈ రెండు గదుల ఇంట్లోనే. గౌన్లు పొట్టివై లంగాలు వేసుకునే వయసు వచ్చేదాకా ఇక్కడే పెరిగింది. తర్వాత స్వదేశానికి బదిలీ, అద్దె ఇళ్ళు, పెళ్ళయ్యాక మొగుడి క్వార్టర్సు, ఆయన పోయాక హాస్టల్లో మెట్ల కింద గది. అన్నీ ఒకరిచ్చిన గదులే, ఒకరు ఖాళీ చెయ్యమంటే ఖాళీ చెయ్యాల్సినవే. అమ్మానాన్నలూ లేరు. అలాంటిది, ఈ ఏడాది పది రోజుల సేవాయాత్ర ఫలానా ఊరికనీ, అక్కడ పాత కాంపౌండరు ఇల్లు బాగుచెయ్యడమే పననీ పాస్టరుగారు చర్చిలో ప్రకటించగానే, ఆమె లేచి నిలబడి చెయ్యెత్తేసింది.

"పని పూర్తయితే మిషను ఆఫీసువాళ్ళు ఆ ఇంటిని వాడుకలోకి తెస్తారటమ్మా," అన్నారు పాస్టరుగారు. చివరి రోజున ఆఫీసు సూపర్వైజరు వచ్చి చూస్తాడట. వాడుకంటే మళ్ళీ మందుల గది అవుతుందని ఆమె లెక్క. రోజూ పొద్దున ఎవరో ఒకరు ఆ తలుపు తెరుస్తారు, ఊడుస్తారు, దీపం వేస్తారు. ఇల్లు నిలబడుతుంది. ఆమెకు కావలసింది అంతే. పూర్తి కాకపోతే ఆఫీసువాళ్ళకి విసుగొచ్చి ఇంటిని వదిలేస్తారేమోనని ఆమె భయం. అందుకే ఉత్త చేతులతో రాకుండా, ఇళ్ళు కట్టడంలో చెయ్యి తిరిగిన మరిదిని బతిమాలి వెంటబెట్టుకొచ్చింది. మేస్త్రికి దేవుడి మీద భక్తి ఉంది గానీ, గోడ నిటారు చూసే తూకం గుండు మీద ఉన్నంత లేదు.

"సాతాను పని," అన్నారు పాస్టరుగారు, ఖాళీ గుమ్మం వైపు చూస్తూ.

"సాతానుకి వంటగది తలుపెందుకండీ?" అన్నాడు మేస్త్రి. "వాడి పొయ్యి ఆరుబయటే కదా."

"నోరు మూసుకో," అంది వార్డెనమ్మ, మరిదితో. తర్వాత చీర కొంగు నడుముకి దోపి విచారణ మొదలుపెట్టింది.

మొదట పళ్ళ డాక్టరు. ఆయన పెట్టెడు పనిముట్లతో వచ్చాడు గానీ, ఊళ్ళో ఎవరూ నోరు తెరవడం లేదు. పనిలేక ఆయన టీ తాగేవాళ్ళ దవడల వంక చూస్తూ తిరుగుతున్నాడు.

"ప్రార్థన జరుగుతున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"మీ పక్కనే కదండీ."

"ఉన్నారని నాకెలా తెలుస్తుంది? నేను కళ్ళు మూసుకున్నాను."

"నేనూ మూసుకున్నాను."

"మూసుకున్నారనడానికి సాక్షి ఎవరు?"

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "పాస్టరుగారు."

"ఆయనా మూసుకున్నారు."

"మరి మీరు మూసుకున్నారనడానికి సాక్షి ఎవరండీ వార్డెనమ్మా?"

విచారణలో ఆమెకే ఎదురు ప్రశ్న పడింది. సర్వీసులో అదీ మొదటిసారే.

"ఇంత ఆలోచనెందుకు వదినా?" అన్నాడు మేస్త్రి. "మనలో పీకడం వచ్చింది ఈయనొక్కడికే."

"పన్ను వేరు, తలుపు వేరు!"

"రెండూ బందులు వదులు చేసి ఊడబెరకడమేగా!"

డాక్టరు అలిగి వెళ్ళి పంపు దగ్గర కూర్చున్నాడు.

మిగిలింది కాపలా మామయ్య. ఆ ఇంటిని ఇన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉన్నది ఈ ఊరి మనిషే. ఆసుపత్రి తోటపనికి కుర్రతనంలో చేరితే, వార్డెనమ్మ తల్లి చేరదీసి, తమ్ముడని పిలిచి, తెలుగు నేర్పింది. నేర్పిందంటే కూర్చోబెట్టి నేర్పలేదు. నీళ్ళు ఒలకబోసినప్పుడూ, మేకని పూలమొక్కల మీదికి వదిలినప్పుడూ తిట్టింది. కాబట్టి ఆయనకు వచ్చిన తెలుగంతా తిట్లే. ప్రేమ చూపించాలన్నా వేరే మాటల్లేవు. విమానం దిగి వచ్చిన రోజున వార్డెనమ్మని చూడగానే రెండు చేతులూ చాచి, "ఓసి నీ దుంపతెగ! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానే గాడిదా? పుల్లలా అయిపోయావు, తిండి తింటున్నావా గడ్డి తింటున్నావా?" అన్నాడు. అచ్చం అమ్మ గొంతే. వార్డెనమ్మ నిలబడ్డ చోటే ఏడ్చేసింది. వెనకే వచ్చిన పాస్టరుగారికి వంగి నమస్కరించి, "రండి రండి, తగలడండి," అని మర్యాదగా కుర్చీ చూపించాడు.

ఆయన్ని అనుమానించడానికి వార్డెనమ్మకి మనసొప్పలేదు. ఎలా ఒప్పుతుంది? ఈ ఇంటి కోసం పెళ్ళి కూడా మానుకున్న మనిషి. తలుపు పోయిన రోజు అందరికన్నా ఎక్కువ బెంగపడ్డదీ ఆయనే. "ఎవడి చేతులు పడిపోనూ!" అంటూ ఇల్లంతా తిరిగాడు. పైపెచ్చు, మోకాళ్ళ నొప్పితో నేల మీద కూర్చోలేని పాస్టరుగారి కోసం ఎక్కడినుంచో పొడుగాటి బల్ల ఒకటి తెచ్చి, ఇటుకల మీద పెట్టి, దాని మీద పూల దుప్పటి పరిచాడు.

"చూశారా," అన్నారు పాస్టరుగారు బల్ల మీద కుదురుకుంటూ. "ఒక చేత్తో తీసుకున్నవాడే ఇంకో చేత్తో ఇస్తాడు."

ఇకముందు దొంగతనం జరక్కూడదని ఆయన ఒక నిర్ణయం తీసుకున్నారు. ప్రార్థన సమయం పెంచారు.

మర్నాడు వంటగది కిటికీ పోయింది.

ప్రార్థన ఇంకా పెంచారు. ఆ మర్నాడు ముందుగది కిటికీ, దాని పక్కనున్న చెక్క అలమర పోయాయి. పాస్టరుగారు ఉపవాసం ప్రకటించి, ప్రపంచంలో ఉన్న దేశాలన్నిటినీ పేరుపేరునా తలుచుకుంటూ ప్రార్థించారు. ఆమెన్ అనేసరికి, మేస్త్రి నడుములెత్తు కట్టిన వసారా గోడ మోకాళ్ళెత్తుకి దిగిపోయింది. ఇటుకలు ఒక్కటీ పగల్లేదు. పచ్చి సిమెంటు గీకేసి, పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎంత పొడుగ్గా ప్రార్థిస్తే అంత ఇల్లు తరుగుతోంది. అయినా ప్రార్థన తగ్గిద్దామని అనే ధైర్యం ఎవరికుంది?

మేస్త్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. దొంతర దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో ఇటుకా తిప్పి చూశాడు.

"వదినా, ఇలా రా. ఇది చూడు. దీనికి అంటుకున్న సిమెంటు నాది కాదు."

"మరి ఎవరిది?"

"నాకేం తెలుసు! ఇక్కడ తెల్లగా ఉంది, ఇక్కడ బూడిదరంగు, ఇక్కడ ఎవడో ఉప్పునీళ్ళతో కలిపిన బాపతు. ఈ ఇటుకలు ఇప్పటికి చాలాసార్లు గోడయ్యాయి వదినా. అయిన ప్రతిసారీ కాకుండా పోయాయి."

"మనకంటే ముందు ఏటా ఒక్కో చర్చివాళ్ళు వచ్చి పనిచేశారుగా?"

"వచ్చారు. వచ్చి ఏం చేశారంట? అదే నేనడుగుతున్నా. ఇన్ని గుంపులు ఇన్నేళ్ళు పనిచేస్తే ఈపాటికి ఇక్కడ మేడ ఉండాలి."

వార్డెనమ్మ వసారాలో నిలబడి ఆలోచించింది. ఇక్కడే, ఈ చివర, అమ్మ కూర్చుని తల దువ్వేది. అదిగో ఆ మూల మామయ్య మేకని కట్టేసేవాడు. సూపర్వైజరు వచ్చేది రేపే. వాడొచ్చి చూసేది తలుపుల్లేని, కిటికీల్లేని, మోకాళ్ళెత్తు గోడ ఉన్న ఇంటిని. ఇంతేనా, అనుకుంది. ఇంత దూరం వచ్చి, నా కళ్ళ ముందే, కాదు, నా కళ్ళు మూసుకుని ఉండగానే ఇల్లు పోగొట్టుకుంటానా?

మధ్యాహ్నం చివరి ప్రార్థనకి అందరూ చేరారు. పాస్టరుగారు బల్ల మీద, మిగిలినవాళ్ళు చాప మీద. మామయ్య ఎప్పటిలాగే టీ పెట్టడానికని వెనక్కి వెళ్ళాడు. కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా! ఆ తలుపు ఎక్కడున్నా, ఏ చీకటి మూల దాగి ఉన్నా, దాన్ని మాకు బయలుపరచు!"

"స్తోత్రం!" అన్నారందరూ.

ధడ్.

వార్డెనమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్ని రోజులూ ఆ చప్పుడు వింటూనే ఉంది. మరిది భక్తి ముదిరి గుండెలు బాదుకుంటున్నాడేమో అనుకుంది. మరిదికి భక్తి ముదరడమేమిటి!

"ఆ తలుపు మోసుకెళ్ళిన చేతులకి మంచి బుద్ధి ప్రసాదించు!"

"స్తోత్రం!"

ధడ్.

ఆమె ఈసారి అదను కోసం కాచుకుంది. పాస్టరుగారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, ఎవరూ అనని చోట, ఒక్కతే గొంతెత్తి "స్తోత్రం!" అంది.

ధడ్.

ఇంకోసారి, "స్తోత్రం!"

ధడ్. ఈసారి కొంచెం ఆలస్యంగా, ఆయాసంగా.

"మన సహోదరి మీద ఆత్మ బలంగా పనిచేస్తోంది," అని పాస్టరుగారు సంతోషించి, గొంతు పెంచి, మళ్ళీ దేశాల జాబితా మొదటినుంచి అందుకున్నారు.

దొంగ ఎక్కడో బయట లేడు. ఇక్కడే ఉన్నాడు. కళ్ళు తెరిస్తే కనిపిస్తాడు. కానీ తెరవడం ఎలా? పుట్టి బుద్ధెరిగాక ప్రార్థనలో ఆమె కళ్ళు తెరిచింది లేదు. చిన్నప్పుడు ఒకసారి, ఇదే గదిలో, తూనీగ వచ్చిందని ఓరకంట చూస్తే అమ్మ పెట్టిన తొడపాశం నెల్లాళ్ళు కమిలి ఉంది. ఆ చోటు ఇప్పుడు మళ్ళీ చురుక్కుమంది. అమ్మా, నీ ఇంటి కోసమేనే, అనుకుని వార్డెనమ్మ ఒక కన్ను తెరిచింది. పిడుగేమీ పడలేదు. రెండోది కూడా తెరిచింది.

చాప మీద అందరూ చిత్తశుద్ధిగా కళ్ళు మూసుకుని ఉన్నారు. పళ్ళ డాక్టరు బుద్ధిమంతుడే. పాపం, అనవసరంగా నిందించారు. మరిది నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాళ్ళందరికీ వెనక, వీధి గుమ్మం దగ్గర, గునపం భుజాన పెట్టుకుని తరవాతి స్తోత్రం కోసం చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు కాపలా మామయ్య. ద్వారబంధం ఒక పక్క అప్పటికే గోడలోంచి ఊడి వచ్చింది.

ఆయన ఆమెని చూశాడు. ఆమె ఆయన్ని చూసింది.

మామయ్య పెదాల మీద వేలు పెట్టి, కోపంగా కళ్ళు మూసుకోమన్నట్టు సైగ చేశాడు.

ఆమె కళ్ళు మూసుకోలేదు. చప్పుడు కాకుండా లేచి, మరిది కాళ్ళు దాటుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"నువ్వా మామయ్యా? నువ్వా?" అంది గుసగుసగా. "ఇది మా అమ్మ తిరిగిన ఇల్లు. రేపు ఆఫీసువాడొస్తాడు. పూర్తి కాకపోతే ఇల్లు పోతుందని తెలుసా నీకు? ఎందుకు చేశావు? ఎవరు చేయించారు నీ చేత?"

మామయ్య గునపం కిందికి దించి, మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పాస్టరుగారు ఏదో ద్వీపదేశం దాకా వచ్చారు. ఆయన గొంతు మాటున, అమ్మ గొంతుతో, మామయ్య చెప్పసాగాడు.

"నేనే చేశానే. తలుపు నేనే, కిటికీలు నేనే, గోడా నేనే. ఇంకెవడనుకున్నావే మొద్దూ? ఆ పళ్ళాయన మొహం చూస్తే తలుపు మోసేవాడిలా ఉందా? తలుపెక్కడికీ పోలేదు, అదిగో, పాస్టరుగారు దాని మీదే కూర్చున్నాడు. రోజూ దాని మీదే కూర్చుని దాని కోసమే ప్రార్థిస్తున్నాడు, నవ్వాపుకోలేక చస్తున్నాను. పూర్తి కాకపోతే ఇల్లు పోతుందని నీకే వెధవ చెప్పాడే? పూర్తయితేనే పోతుంది! ఆఫీసువాడి పద్ధతి నాకు తెలుసు. పని ఉన్న చోట ఇల్లుంచుతాడు, ఎందుకంటే ఏటా మీలాంటి గుంపు వస్తుంది, వాళ్ళకి చెయ్యడానికి ఏదో ఒక పని చూపించాలి. పని అయిపోతే ఇల్లు అమ్మేస్తాడు. వాడుకలోకి తేవడమంటే అదే. ఆ వీధి చివర డాక్టరు బంగళా గుర్తుందా? బ్రహ్మాండంగా పూర్తి చేశారు. ఇప్పుడది టైర్ల గోదాము. నర్సులుండే ఇల్లు కూడా పూర్తయింది, ఐసు ఫ్యాక్టరీవాడు కొని నేలమట్టం చేశాడు. మిగిలింది ఇదొక్కటే. ఎందుకు మిగిలింది? నేను పూర్తి కానివ్వలేదు కాబట్టి మిగిలింది! ఏటా మీరు కడతారు, మీ విమానం ఎగరగానే నేను విప్పుతాను, గాలివానకి పడిపోయిందని ఆఫీసువాడికి చెబుతాను. ఇన్నేళ్ళూ హాయిగా జరిగిపోయింది. వచ్చేవాళ్ళకి ఇటుక ఏ వైపు పట్టుకోవాలో తెలియదు, పది రోజుల్లో మోకాలెత్తు లేపి ఫొటోలు దిగి పోతారు. ఈసారి నువ్వు ఆ మీసాలవాణ్ణి తెచ్చి నా కొంప ముంచావు. నాలుగు రోజుల్లో కట్టేశాడే, దున్నపోతు! అందుకే మీరుండగానే విప్పాల్సి వచ్చింది. అయినా త్వరగా అయితే ఇంకో కష్టం. ఒక ఏడాది ఎవరో గబగబా కట్టేసి, మిగిలిన రోజులు పనిలేక ఊరి మీద పడ్డారు. బడి గేటుకి వారంలో మూడు రంగులు వేశారు, కనపడ్డ పిల్లాడికల్లా జుట్టు కత్తిరించారు. ఊళ్ళోవాళ్ళొచ్చి నన్ను పట్టుకుని, ఆ గోడ అవనివ్వకు బాబూ నీకు పుణ్యముంటుందన్నారు. నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? నీ నోట్లో నువ్వుగింజ నానదే, చిన్నప్పుడు మేక సంగతి మీ నాన్నకి ఎవరు చెప్పారో నేను మర్చిపోలేదు. మీ అమ్మ వెళ్ళే రోజు ఇదే గుమ్మంలో నిలబడి, 'ఇల్లు జాగ్రత్త, వెధవా' అంది. ఎన్నాళ్ళు అని చెప్పలేదు. నేనూ అడగలేదు. గుడ్లప్పగించి చూస్తావేం? రేపు వాడొచ్చేసరికి ఈ ద్వారబంధం ఇక్కడ ఉండకూడదు, ముసలాణ్ణి, ఒక్కణ్ణి లాగలేకపోతున్నాను. పాస్టరుగారికి ఇంకా సగం దేశాలు మిగిలే ఉన్నాయి. ఏడవకు, చంపుతాను. కొంగు బిగించి ఆ చివర పట్టుకో. ఆ స్తోత్రమేదో నువ్వే కొంచెం గట్టిగా అందుకోవే, లాగుదాం."